అండాశయ క్యాన్సర్‌పై కార్-టీ: ముప్పై ఏళ్ల ప్రయత్నంలో తేలింది ఎంత, తేలనిది ఎంత?

కార్-టీ (రోగి టీ కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) అనగానే రక్త క్యాన్సర్లు గుర్తుకొస్తాయి. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ తొలి కార్-టీ మందుకు అనుమతిచ్చింది లుకేమియాకే. తర్వాత లింఫోమా, మైలోమా వంతు వచ్చింది. అయితే ఈ పద్ధతికి పరిశోధకులు తొలినాళ్లలోనే ఎంచుకున్న జబ్బుల్లో అండాశయ క్యాన్సర్ ఒకటి. 1993లోనే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పాట్రిక్ హ్వూ బృందం మనిషి లింఫోసైట్లకు కొత్త గ్రాహకాన్ని అమర్చి, అవి అండాశయ క్యాన్సర్ కణాలను చంపుతాయని ప్రయోగశాలలో చూపింది. ముప్పై ఏళ్లు దాటినా ఈ జబ్బుకు అనుమతి పొందిన కార్-టీ మందు ఒక్కటీ లేదు.

ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు ఒక్కో వర్గం ఒక్కో జవాబు చెబుతోంది. గురిపెట్టిన గుర్తు సరైనది కాదని కొందరంటారు. గుర్తు సరైనదే, కణాలే కణితిలో బతకలేకపోయాయని ఇంకొందరి వాదన. టీ కణాన్ని వదిలి మరో కణాన్ని ఎంచుకోవాలనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదనలు పైకి ఒకదానికొకటి పోటీగా కనిపించినా నిజానికి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాటిని విడదీసి చూస్తే చేతికి వచ్చిందేమిటో, ఇంకా రానిదేమిటో స్పష్టమవుతుంది.

జబ్బు తీరు: కొత్త దారి ఎందుకు వెతుకుతున్నారు?

గ్లోబోకాన్ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.24 లక్షల మంది మహిళలకు కొత్తగా అండాశయ క్యాన్సర్ వచ్చింది. సుమారు 2.07 లక్షల మంది చనిపోయారు. భారత్‌లో కొత్త కేసులు దాదాపు 47 వేలు, మరణాలు దాదాపు 33 వేలు. మన దేశ మహిళల్లో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాతి స్థానం దీనిదే.

పొట్ట ఉబ్బరం, ఆకలి మందగించడం, నడుము నొప్పి వంటి లక్షణాలను మొదట్లో ఎవరూ క్యాన్సర్‌తో ముడిపెట్టరు. అందుకే ఎక్కువమందిలో జబ్బు మూడో, నాలుగో దశలోనే బయటపడుతుంది. అప్పటికే ఉదర పొర నిండా చిన్నచిన్న గడ్డలు పరుచుకుని ఉంటాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఆపరేషన్‌తో వీలైనంత గడ్డను తీసేసి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇవ్వడం ప్రామాణిక చికిత్స. బెవాసిజుమాబ్, ఆపై ఒలాపరిబ్ వంటి పార్ప్ నిరోధకాలు వచ్చాక, ముఖ్యంగా బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉన్నవారికి, జబ్బు అదుపులో ఉండే కాలం పెరిగింది. అయినా ముదిరిన దశలో దొరికినవారిలో అత్యధికులకు జబ్బు తిరగబెడుతుంది. ప్లాటినం మందులకు లొంగకపోతే మిగిలే దారులు తక్కువ.

రోగనిరోధక వ్యవస్థపై ఆశ పుట్టించింది 2003లో వచ్చిన ఒక పరిశీలన. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ కౌకోస్ బృందం 186 మంది కణితులను పరిశీలించింది. కణితి లోపల టీ కణాలు కనిపించినవారిలో ఐదేళ్లు బతికినవారు 38 శాతం, కనిపించనివారిలో 4.5 శాతం. టీ కణాలు ఈ జబ్బును ఎదిరించగలవనడానికి ఇంతకంటే గట్టి సూచన అప్పటికి లేదు. కానీ ఉన్న టీ కణాలకు కళ్లెం వదిలే మందులు ఆ ఆశను నిలబెట్టలేకపోయాయి. 376 మందిపై జరిగిన కీనోట్-100 ట్రయల్‌లో పెంబ్రోలిజుమాబ్‌ను ఒంటరిగా ఇస్తే గడ్డ గణనీయంగా తగ్గింది 8 శాతం మందిలోనే. ఉన్న కణాలు చాలవు కాబట్టి, తయారుచేసిన కణాలను పంపుదామన్న వాదన బలపడింది.

పద్ధతి, దాని చరిత్ర

రోగి రక్తంలోంచి టీ కణాలనే రోగనిరోధక కణాలను వేరుచేస్తారు. వాటిలోకి సాధారణంగా వైరస్ వాహకంతో ఒక కొత్త జన్యువును ఎక్కిస్తారు. దాంతో కణంపై కృత్రిమ గ్రాహకం (కార్) మొలుస్తుంది: బయటి భాగం యాంటీబాడీ ముక్క, లోపలి భాగం టీ కణాన్ని ఉసిగొల్పే సంకేతం. ల్యాబ్‌లో కోట్లకొద్దీ పెంచి, రోగికి కొద్ది రోజుల కీమో ఇచ్చి ఒంట్లోని లింఫోసైట్లను తగ్గించి, తిరిగి ఎక్కిస్తారు. ఈ ఆలోచనకు 1980ల చివర్లో జపాన్‌లోనూ, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్‌హర్ చేతుల్లోనూ రూపం వచ్చింది.

అండాశయ క్యాన్సర్ రోగులకు ఈ కణాలను ఎక్కించిన తొలి ట్రయల్ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. జాతీయ క్యాన్సర్ సంస్థలోనే మైఖేల్ కెర్షా తదితరులు 14 మందికి ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫాను గుర్తుపట్టే కణాలు ఇచ్చారు. ఎవరిలోనూ గడ్డ తగ్గలేదు. కణాలు మొదట రక్తంలో బాగానే కనిపించినా, ఎక్కువమందిలో నెల తిరిగేసరికి దాదాపు ఆచూకీ లేకుండా పోయాయి. ఆ గ్రాహకంలో ఉసిగొల్పే సంకేతం ఒక్కటే ఉంది. కణాన్ని బతికించే రెండో సంకేతం లేదు. రక్త క్యాన్సర్లలో గెలిచినవి ఆ రెండో సంకేతాన్ని, అంటే సీడీ28 లేదా 4-1బీబీని, జోడించిన తర్వాతి తరం గ్రాహకాలు. కాబట్టి 2006 ఫలితాన్ని అండాశయ క్యాన్సర్‌పై కార్-టీ పద్ధతి ఓటమిగా చదవడం తొందరపాటు. అక్కడ ఓడింది తొలితరం నమూనా.

మొదటి ప్రశ్న: దేన్ని చూసి కొట్టాలి?

రక్త క్యాన్సర్లలో సీడీ19 దాదాపు ఆదర్శ గుర్తు. అది మంచి బీ కణాలపైనా ఉంటుంది, చికిత్సలో అవీ చనిపోతాయి. కానీ బీ కణాలు లేకుండా, అవసరమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించుకుంటూ మనిషి బతకగలడు. ఊపిరితిత్తుల పొర, గుండె చుట్టూ ఉండే పొరపై దాడి జరిగితే మాత్రం ప్రాణాపాయం. అండాశయ క్యాన్సర్ గుర్తుల్లో చాలావాటికి ఇదే ఇబ్బంది.

ఈ ప్రమాదం ఊహ కాదని 2010లో ప్రచురితమైన ఒక ఘటన చెప్పింది. పెద్దపేగు క్యాన్సర్ రోగికి హెర్2 అనే ప్రొటీన్ గుర్తును పట్టే వెయ్యి కోట్ల కార్-టీ కణాలు ఎక్కించారు. పావుగంటలో ఊపిరి అందని స్థితి, ఐదు రోజులకు మరణం. ఊపిరితిత్తుల కణాలపై కొద్దిపాటిగా ఉన్న హెర్2ను కూడా ఆ కణాలు వదల్లేదని పరిశోధకులు భావించారు. అప్పట్నుంచి ఈ రంగంలో మోతాదును మెట్టుమెట్టుగా పెంచడం ఆనవాయితీ అయింది.

చాలా అండాశయ కణితులపై ఉండే మీసోథెలిన్ అనే ప్రొటీన్ కథలోనూ ఇదే ఇరకాటం ఉంది. పెన్సిల్వేనియా బృందం 2019లో ప్రచురించిన తొలిదశ ట్రయల్‌లో అండాశయ, పాంక్రియాస్, మీసోథీలియోమా రోగులు కలిపి 15 మంది. ఎలుక యాంటీబాడీ ముక్కతో చేసిన ఆ కణాలను రోగులు చాలావరకు తట్టుకున్నారు, కానీ దక్కిన మెరుగైన ఫలితం 11 మందిలో జబ్బు పెరగకుండా ఆగడం. ఆ తర్వాత వచ్చిన మరింత చురుకైన మీసోథెలిన్ కార్-టీతో ఇద్దరు రోగుల ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నాయని 2023లో నివేదించారు. బలం చాలనప్పుడు ఫలితం లేదు, బలం పెంచితే ఆరోగ్యకరమైన కణజాలం బలవుతోంది. ఈ రెంటి మధ్య వాడుకోదగ్గ సందు ఎంత అన్నదే అసలు ప్రశ్న.

మక్16ది మరో రకం చిక్కు. అండాశయ క్యాన్సర్ ఉన్న ఇళ్లలో ప్రతి రిపోర్టులోనూ వెతికే సీఏ-125 ఈ ప్రొటీన్‌లోంచి ఊడి రక్తంలో తిరిగే ముక్కే. ఊడిపోయే భాగానికి గురిపెడితే కార్-టీ కణాలు దొంగ విడిచిపోయిన చొక్కాను పట్టుకున్నట్టు అవుతుంది. అందుకే న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ పరిశోధకులు ముక్క ఊడిపోయాక కణంపైనే మిగిలే మొదలు భాగాన్ని పట్టుకునే గ్రాహకాన్ని తయారుచేశారు.

ప్రధాన గుర్తులను పక్కపక్కన పెడితే బొమ్మ ఇలా ఉంటుంది:

| గుర్తు | అనుకూలత | చిక్కు |
|---|---|---|
| ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా | ఈ క్యాన్సర్‌లో విస్తృతంగా ఉంటుంది | మూత్రపిండాలు, ఊపిరితిత్తుల్లోనూ ఉంది |
| మీసోథెలిన్ | చాలా కణితులపై ఎక్కువ మోతాదు | ఊపిరితిత్తులు, గుండె, ఉదర పొరల్లోనూ ఉంది |
| మక్16 | సీఏ-125 ద్వారా బాగా తెలిసిన ప్రొటీన్ | పై ముక్క ఊడి రక్తంలో తిరుగుతుంది |
| క్లాడిన్ 6 | పిండదశ ప్రొటీన్, పెద్దవారి కణజాలంలో దాదాపు ఉండదు | కొందరి కణితుల్లోనే ఉంటుంది |
| ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్ | శరీరంలో ప్రధానంగా అండాశయానికే పరిమితం | మనుషులపై అనుభవం ఇంకా కొద్దిపాటిదే |

క్లాడిన్ 6 వైపు ఆశగా చూడటానికి కారణం పట్టికలోనే ఉంది. బయోఎన్‌టెక్ సంస్థ కణాలతో జరిగిన ట్రయల్ తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. 22 మందిలో అంచనా వేయగలిగిన 21 మందిలో ఏడుగురికి గడ్డలు తగ్గాయి, ఒకరిలో పూర్తిగా మాయమయ్యాయి. అయితే ఎక్కువ ఫలితం కనిపించింది వృషణాల క్యాన్సర్ రోగుల్లో. ఆ అంకెను నేరుగా అండాశయ క్యాన్సర్‌కు బదలాయించకూడదు.

ఒక్క గుర్తుపై ఆధారపడొద్దనే వర్గం ‘తర్కం’ నేర్పిన కణాల వైపు వెళ్తోంది. రెండు గుర్తులూ కనబడితేనే కొట్టేవి ఒక రకం. మంచి కణాన్ని గుర్తుపట్టి ఆగిపోయేవి ఇంకో రకం. ఏ2 బయోథెరప్యూటిక్స్ నమూనాలో, పుట్టుకతో కణాలపై హెచ్‌ఎల్‌ఏ-ఏ02 అనే ప్రొటీన్ రకం ఉండి కణితిలో మాత్రం దాన్ని పోగొట్టుకున్న రోగులనే ఎంచుకుంటారు. మంచి కణంపై ఏ02 కనబడగానే దాడి ఆగుతుంది. భద్రత దృష్ట్యా ఇది మంచి ఆలోచనే, కానీ తగిన రోగుల సంఖ్య బాగా కుదించుకుపోతుంది.

రెండో ప్రశ్న: కణాలు చేరేదెలా, బతికేదెలా?

గుర్తు సరిగ్గా దొరికినా కణితి చుట్టూ ఉన్న పరిసరం టీ కణాలకు అనుకూలం కాదు. పొట్టలో చేరిన నీటిలో టీజీఎఫ్-బీటా వంటి అణచివేత సంకేతాలు, నియంత్రక టీ కణాలు, కణితికే సాయపడే మాక్రోఫేజ్‌లు ఉంటాయి. ఆక్సిజన్, పోషకాలు తక్కువ. ఇక్కడ రెండు వాదాలున్నాయి.

మొదటిది దారి మార్చాలంటుంది. ఈ క్యాన్సర్ చాలాకాలం పొట్టలోనే ఉండిపోతుంది కాబట్టి కణాలను సిరలోకి కాక నేరుగా పొట్టలోకి ఎక్కించాలని వీరి మాట. దీనికి పూర్వాధారం కీమోలో ఉంది: 2006లో వచ్చిన జీఓజీ-172 ట్రయల్‌లో పొట్టలోకి కీమో ఇచ్చినవారి మధ్యస్థ ఆయుష్షు 65.6 నెలలు, సిర ద్వారా మాత్రమే ఇచ్చినవారిది 49.7 నెలలు. తర్వాత జరిగిన జీఓజీ-252 ఆ మేలును నిర్ధారించలేకపోయింది. కార్-టీ విషయంలో ఎలుకలపై ఫలితాలు ఈ దారినే బలపరిచాయి. టాగ్-72 అనే మరో గుర్తు లక్ష్యంగా సిటీ ఆఫ్ హోప్, ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్ లక్ష్యంగా మోఫిట్ క్యాన్సర్ కేంద్రం పొట్టలోకి ఎక్కించే ట్రయల్స్ చేపట్టాయి. కానీ మనుషుల్లో రెండు దారులనూ లాటరీ పద్ధతిలో పోల్చిన పెద్ద ట్రయల్ ఇంకా రాలేదు.

రెండో వాదం కణానికే కవచం తొడగాలంటుంది. స్లోన్ కెట్టరింగ్ మక్16 కణాలు ఐఎల్-12 అనే ఉత్తేజక సంకేతాన్ని తామే స్రవిస్తాయి. ప్రిసీజెన్ సంస్థ కణాలు పొరపైనే ఐఎల్-15ను మోస్తాయి, పైగా వాటి తయారీకి వారాలు పట్టదు, రాత్రికి రాత్రే సిద్ధమవుతాయి. బయోఎన్‌టెక్ దారి వేరు: క్లాడిన్ 6కు ఆర్‌ఎన్‌ఏ టీకా వేసి, ఒంట్లో ఉన్న కార్-టీ కణాలను మళ్లీ మళ్లీ రెచ్చగొడుతుంది. వీటిలో ఏది మెరుగో చెప్పే పోలిక లేదు. ఐఎల్-12 వంటి బలమైన సంకేతాలు అదుపు తప్పితే ఒళ్లంతా వాపు పుట్టించగలవు కాబట్టి కవచానికీ ధర ఉంది.

టీసీఆర్ స్క్వేర్డ్ సంస్థ తయారుచేసిన గావో-సెల్ మధ్యేమార్గం తొక్కింది. మీసోథెలిన్‌ను గుర్తుపట్టే ముక్కను టీ కణపు సహజ గ్రాహక సముదాయానికే అతికించారు. 2023లో వచ్చిన ఫలితాల్లో 32 మందికి చికిత్స జరిగింది. కొద్దిమందే ఉన్న అండాశయ క్యాన్సర్ రోగుల్లో 29 శాతం మందికి గడ్డలు తగ్గాయి. 16 శాతం మందికి తీవ్రమైన ఊపిరితిత్తుల వాపు వచ్చింది. తర్వాత ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది, గావో-సెల్ ముందుకు సాగలేదు.

మూడో ప్రశ్న: కార్-టీ కణమే కావాలా?

కణితి లోపలికి చొచ్చుకెళ్లిన టీ కణాలనే బయటకు తీసి, పెంచి, తిరిగి ఎక్కించడం పాత ఆలోచన. దీన్ని అండాశయ క్యాన్సర్‌లో జపాన్ పరిశోధకులు 1990ల్లోనే పరీక్షించారు. ఈ పద్ధతికి 2024 ఫిబ్రవరిలో మెలనోమాలో ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. అండాశయ క్యాన్సర్‌లో ఇటీవలి చిన్న ట్రయల్స్ అంతటి ఫలితం చూపలేదు.

కృత్రిమ గ్రాహకానికి బదులు సహజ తరహా టీ కణ గ్రాహకాన్ని అమర్చిన టీసీఆర్-టీ కణాలు, హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లు పైకి చూపే కణం లోపలి ప్రొటీన్ల ముక్కలనూ చూడగలవు. 2024 ఆగస్టులో సైనోవియల్ సార్కోమాకు అనుమతి పొందిన ఆఫామీ-సెల్ ఈ రకమే. గట్టి కణితులకు అనుమతి పొందిన తొలి జన్యుమార్పిడి టీ కణ చికిత్స అది. దాని తొలిదశ ట్రయల్‌లో సైనోవియల్ సార్కోమా రోగుల్లో 16కు 7 మందిలో గడ్డలు తగ్గగా, అండాశయ క్యాన్సర్ సహా మిగతా అన్ని క్యాన్సర్లలో కలిపి 22కు 2 మాత్రమే.

ఎన్‌కే (సహజ హంతక) కణాలను బొడ్డుతాడు రక్తం వంటి మూలాల నుంచి ముందే తయారుచేసి నిల్వ ఉంచవచ్చు. ఎండీ ఆండర్సన్‌లో కేటీ రెజ్వానీ బృందం 2020లో సీడీ19 కార్-ఎన్‌కేను 11 మంది రక్త క్యాన్సర్ రోగులకు ఇచ్చింది. 8 మందిలో ఫలితం కనబడింది, సైటోకైన్ విడుదల సిండ్రోమ్ (రోగనిరోధక సంకేతాలు ఒక్కసారిగా పెల్లుబికే దుష్ప్రభావం) రాలేదు. భద్రత, సిద్ధంగా ఉండటం దీని బలాలు. ఎక్కువకాలం నిలవకపోవడం బలహీనత. మాక్రోఫేజ్‌లు గట్టి కణితుల్లోకి తేలిగ్గా చొరబడతాయి. హెర్2 కార్-మాక్రోఫేజ్ తొలి ట్రయల్‌లో పెద్ద ప్రమాదాలు కనబడలేదు, గడ్డలూ కరగలేదు. దక్కింది కొందరిలో జబ్బు స్థిరంగా ఉండటమే.

ఫలితాలను ఎలా చదవాలి?

పైన చెప్పిన అంకెల్లో చాలావరకు పదుల సంఖ్యలోని రోగులవే. వారిలో ఎక్కువమంది పలు రకాల చికిత్సలు దాటి వచ్చినవారు. వారి టీ కణాలు అప్పటికే అలిసిపోయి ఉంటాయి, పొట్టనిండా జబ్బు ఉంటుంది. పక్కన పోల్చడానికి మరో చికిత్సా వర్గం లేదు. ఈ స్థితిలో 20 శాతం, 30 శాతం అనే అంకెలు ఒక నమూనా మరో నమూనా కంటే మేలని చెప్పలేవు.

రెండు కొలతలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఒకటి గట్టి కణితులన్నిటికీ వర్తించేది. చైనాలో ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్ రోగులు 156 మందిపై క్లాడిన్ 18.2 కార్-టీని ప్రామాణిక చికిత్సతో పోల్చిన ట్రయల్ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. జబ్బు పెరగకుండా ఆగిన కాలం 1.77 నెలల నుంచి 3.25 నెలలకు, ఆయుష్షు 5.49 నుంచి 7.92 నెలలకు పెరిగింది. గట్టి కణితుల్లో కార్-టీ గెలవగలదని లాటరీ పద్ధతిలో చూపిన మొదటి ట్రయల్ ఇది. గెలుపు ఎంత చిన్నదో కూడా అదే చూపింది.

రెండోది అండాశయ క్యాన్సర్‌కే చెందినది. 2006లో కణాలతో ఓడిన ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫాకే గురిపెట్టి, యాంటీబాడీకి మందు తగిలించిన మిర్వెటుక్సిమాబ్, 453 మంది పాల్గొన్న మిరాసోల్ ట్రయల్‌లో గెలిచింది. ప్లాటినంకు లొంగని రోగుల్లో గడ్డలు తగ్గినవారు 42 శాతం, కీమో తీసుకున్నవారిలో 16 శాతం. ఆయుష్షు 12.8 నెలల నుంచి 16.5 నెలలకు చేరింది. దీని అర్థం గుర్తు తప్పు కాదని. అంతేకాదు, ఇకపై ఈ జబ్బులో ఏ కార్-టీ వచ్చినా, ఫ్రిజ్‌లోంచి తీసి ఎక్కించగలిగే ఇలాంటి మందుతో పోటీపడాలని.

మన దగ్గర: ఖర్చు, జన్యువులు

భారత్‌లో ఈ చర్చకు ప్రత్యేక కోణం ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్, ఇమ్యునోయాక్ట్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. లుకేమియా, లింఫోమా రోగుల్లో 73 శాతం మందిలో ఫలితం కనిపించినట్టు 2025లో ప్రచురించారు. అమెరికాలో ఒక్క మందుకే మూడు, నాలుగు కోట్ల రూపాయలయ్యే చోట, ఇక్కడ పదోవంతుకు దగ్గరగా ఇవ్వగలిగారు. బెంగళూరు సంస్థ ఇమ్యునీల్ కార్-టీ 2025లో మార్కెట్లోకి వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న డాక్టర్ రెడ్డీస్ అనుబంధ సంస్థ ఆరిజీన్ మైలోమాకు కార్-టీ ట్రయల్స్ నడుపుతోంది. ఇవన్నీ రక్త క్యాన్సర్లకే. అయినా కణాలను తీయడం, మార్చడం, పెంచడం, దుష్ప్రభావాలను ఐసీయూలో ఎదుర్కోవడం తెలిసిన బృందాలు ఇక్కడ తయారయ్యాయి. గట్టి కణితుల ట్రయల్స్‌కు పునాది అదే.

టీసీఆర్-టీకి సంబంధించి మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆఫామీ-సెల్ కొన్ని హెచ్‌ఎల్‌ఏ-ఏ02 ఉపరకాలు ఉన్నవారికే పనికొస్తుంది. భారతీయుల్లో తరచూ కనిపించే ఏ02:11 ఆ అనుమతి జాబితాలో లేదు. పాశ్చాత్య జనాభాను చూసి చేసిన మందు తయారైనా, మన రోగుల్లో ఎందరికి తగులుతుందన్నది వేరే లెక్క. హెచ్‌ఎల్‌ఏపై ఆధారపడని కార్-టీకి ఇక్కడ మొగ్గు ఎక్కువ ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

తేలినవి, తేలనివి

తేలినవి ముందు చూద్దాం. తయారుచేసిన కణాలు అండాశయ క్యాన్సర్ గడ్డలను తగ్గించగలవు, కానీ కొందరిలోనే, కొంతకాలమే. గుర్తు ఎంపిక ప్రాణాలతో ముడిపడిన విషయం. ఒక్క సంకేతంతో నడిచే తొలితరం కణాలు చాలవు. దుష్ప్రభావాల్లో సైటోకైన్ విడుదల సిండ్రోమ్‌ను టోసిలిజుమాబ్‌తో చాలావరకు అదుపు చేయవచ్చు, ఆరోగ్యకరమైన కణజాలంపై దాడిని అంత తేలిగ్గా ఆపలేం. అనుమతి పొందిన కార్-టీ మందులతో అరుదుగా కొత్త టీ కణ క్యాన్సర్లు వస్తున్నాయని ఎఫ్‌డీఏ 2024లో వాటిపై హెచ్చరిక చేర్చింది. దీర్ఘకాల గమనింపు తప్పదు.

తేలనివాటిలో మూడు ముఖ్యం. కణాలను సిరలోకి ఎక్కించాలా, పొట్టలోకా? కవచం, టీకా, తర్కం అనే మూడు మెరుగుల్లో దేనికి ముందు డబ్బు పెట్టాలి? అన్నిటికంటే పెద్దది, చికిత్స ఎప్పుడివ్వాలి?

ఈ చివరి ప్రశ్నకు దక్కిన శ్రద్ధ చాలా తక్కువ. ఇప్పటిదాకా కార్-టీని పరీక్షించింది అన్ని దారులూ మూసుకుపోయాక. ఆపరేషన్, కీమో అయ్యాక చాలామందిలో కంటికి కనిపించనంత జబ్బు మాత్రమే మిగులుతుంది. ఆ సమయంలో కణితి పరిమాణం తక్కువ, అణచివేత సంకేతాలు తక్కువ, రోగి టీ కణాలు ఇంకా అంతగా దెబ్బతిని ఉండవు. ఈ కణాలకు గెలిచే అవకాశం ఎక్కడైనా ఉందంటే అక్కడే ఉండాలి. అలా పరీక్షించడానికి నైతికమైన అడ్డంకీ ఉంది: ప్రామాణిక చికిత్సతో నెలలు, ఏళ్లు బాగుండగలిగే మనిషిని తెలియని ప్రమాదంలోకి నెట్టకూడదు. అందుకే క్లాడిన్ 6 వంటి సురక్షితమైన గుర్తులు, ఆగే తర్కమున్న కణాలు ముందుగా ఆ పరీక్షకు అర్హత సాధించాలి.

కొత్త గ్రాహకాలు ఏటా పుట్టుకొస్తున్నాయి. ఈ రంగానికి ఇప్పుడు వాటికంటే ఎక్కువ అవసరమైనవి మూడు: పోలిక వర్గమున్న ట్రయల్, ముందు దశ రోగులు, గడ్డ ఎంత తగ్గిందన్నదానితోపాటు మనిషి ఎంతకాలం, ఎంత బాగా బతికిందన్న కొలత. ఇవి లేకుండా వచ్చే ప్రతి ‘ఆశాజనక’ ఫలితాన్నీ ఇన్నాళ్లలాగే చిన్న ట్రయల్స్ వరసలో ఇంకొకటిగానే చూడాలి.